ఓడినవాళ్ల పేర్లు ఎక్కడ?

2023లో తెలుగు సినిమాకు రెండు పెద్ద గౌరవాలు దక్కాయి. మార్చిలో ‘నాటు నాటు’ పాటకు ఆస్కార్, ఆగస్టులో అల్లు అర్జున్‌కు జాతీయ ఉత్తమ నటుడి పురస్కారం. ఆ పురస్కారానికి ఎంపికైన తొలి తెలుగు నటుడు ఆయనే. రెండు వార్తలకూ ఊరూవాడా సంబరపడింది, నేనూ సంబరపడ్డాను. అయితే ఆ రెండు గెలుపుల మధ్య ఒక తేడా ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. ‘నాటు నాటు’ ఎవరిని దాటి గెలిచిందో లోకమంతటికీ తెలుసు. అల్లు అర్జున్ ఎవరిని దాటి గెలిచారో అధికారికంగా ఆయనకు కూడా తెలియదు.

ఆస్కార్ సంగతే ముందు చూద్దాం. ఆ ఏడాది పాటల బరిలో మిగిలిన నలుగురూ సామాన్యులు కారు. ‘టాప్ గన్: మావెరిక్’ కోసం లేడీ గాగా పాడిన పాట ఒకటి. ‘వకాండా ఫరెవర్’ కోసం రిహానా పాడింది ఒకటి. ఆ రాత్రి ఉత్తమ చిత్రంతో సహా ఏడు ఆస్కార్లు ఊడ్చుకుపోయిన ‘ఎవ్రీథింగ్ ఎవ్రీవేర్ ఆల్ ఎట్ వన్స్’ సినిమాలోని పాట ఇంకొకటి. నాలుగోది డయాన్ వారెన్ రాసినది. ఇందులో ఏది గెలిచినా ఎవరూ ముక్కున వేలేసుకునేవారు కాదు. అలాంటి వరసలో నిలబడి కీరవాణి, చంద్రబోస్ ఆ బొమ్మ అందుకున్నారు కాబట్టే దానికి అంత బరువు. నలుగురి పేర్లు చెరిపేసి, ‘ఉత్తమ పాట: నాటు నాటు’ అని ఒక్క ముక్క ప్రకటించి ఉంటే, అదీ ఒక సన్మాన పత్రమయ్యేది, అంతే.

ఆ అయిదుగురిలో చోటు దొరకడమే గండం. ఆస్కార్లు ఇచ్చే అకాడమీలో నటులది ఒక విభాగం, సంగీతజ్ఞులది ఒకటి, ఛాయాగ్రాహకులది మరొకటి. చాలావరకు ఏ విద్యలో పోటీయో ఆ విద్య చేసేవాళ్లే నామినీలను, అంటే తుది పోటీలో నిలిచేవాళ్లను, ఎంచుతారు. పాటల విషయంలో ముందు పదిహేను పాటల షార్ట్‌లిస్ట్ బయటికి వస్తుంది, తర్వాత అయిదు పేర్ల తుది జాబితా. విజేతను తేల్చే చివరి ఓటు మాత్రం అన్ని విభాగాల సభ్యులదీ. ఆ ఏడాది వాళ్లు తొమ్మిది వేలకు పైగా ఉన్నారు.

నామినీల ఎంపికలో లెక్కింపు ఎలా సాగుతుందో తెలుసుకోవాలంటే హాలీవుడ్ దాకా వెళ్లనక్కర్లేదు, రాజ్యసభ ఎన్నికల లెక్కింపు తెలిస్తే చాలు. సభ్యుడు ఒక్క పేరుకు టిక్కు పెట్టి ఊరుకోడు. తనకు నచ్చిన వరసలో అయిదు పేర్ల దాకా రాస్తాడు. పోలైన ఓట్లను సీట్ల సంఖ్యకు ఒకటి కలిపి భాగించి, వచ్చిన దానికి మరో ఒకటి కలిపితే అది కోటా. ఒక విభాగంలో 600 ఓట్లు పోలయ్యాయనుకోండి. సీట్లు అయిదు, కాబట్టి ఆరుతో భాగించాలి. వంద వస్తుంది. కోటా 101. మొదటి ప్రాధాన్య ఓట్లు 101 వచ్చినవాళ్లు నామినీలైపోయినట్టే. అడుగున ఉన్న పేరును తీసేసి, ఆ ఓట్లను వాటిలో రాసిన తర్వాతి పేరుకు మళ్లిస్తారు. ఇలా అయిదు సీట్లు నిండేదాకా.

ఈ లెక్కలో ఒక చిత్రం దాగి ఉంది. ఆరు వందల మందిలో 499 మంది మీ పని చూసి పెదవి విరిచినా పరవాలేదు, 101 మందికి మీరంటే ప్రాణమైతే మీరు లోపల ఉన్నట్టే. పది మందిలో ఎనిమిది మందికి ‘బాగానే ఉంది’ అనిపించి, ఎవరి కాగితం మీదా మొదటి పేరు కాలేకపోతే మాత్రం ఇంటికి పోవాల్సిందే. ఉత్తమ చిత్రం తుది ఓటింగ్ దీనికి పూర్తిగా ఎదురు. అక్కడ ఉన్నది ఒకే సీటు, పది సినిమాలు. మన పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికల్లో లాగా కింది నుంచి ఒక్కొక్క సినిమాను ఎలిమినేట్ చేస్తూ, సగానికి మించి ఓట్లు ఎవరికి చేరితే వాళ్లను విజేతగా ప్రకటిస్తారు. అక్కడ గెలవాలంటే పిచ్చి అభిమానులు ఉంటే చాలదు, అందరి కాగితాల్లోనూ రెండో మూడో స్థానమైనా ఉండాలి, ఎవరికీ కంట్లో నలుసు కాకూడదు. అందుకే నామినీల జాబితాను కేవలం విజేతకు ముందు వచ్చే మెట్టుగా నేను చూడను. ఎవరిని కొందరు ప్రాణప్రదంగా ప్రేమించారో జాబితా చెబుతుంది. దేని మీద అందరూ రాజీపడ్డారో ఉత్తమ చిత్రం విజేత పేరు చెబుతుంది. నాకు మొదటి సమాచారమే విలువైనది.

కెవిన్ ఓకానెల్ పేరు మనలో ఎంతమంది విన్నారు? సౌండ్ మిక్సింగ్ చేసే మనిషి. ఇరవై సార్లు నామినీ అయి ఇరవై సార్లూ వట్టి చేతులతో మిగిలాడు. ఇరవై ఒకటోసారి, 2017లో, ‘హాక్సా రిడ్జ్’కు గెలిచాడు. వేదిక మీద ఆయన తల్లి మాట చెప్పాడు. ఈ రంగంలో తొలి ఉద్యోగం ఇప్పించింది ఆమే. నీ రుణం ఎలా తీర్చుకోవాలమ్మా అని అడిగితే, కష్టపడి పనిచేసి, ఒకనాడు ఆస్కార్ గెలిచి, లోకమంతా చూస్తుండగా నాకు కృతజ్ఞత చెప్పు అందట. ఆమె పోయాక ఆ మాట చెల్లించాడు. ఇంత కథ మనకు చేరింది అంటే, ఆ ఇరవై ఓటములనూ ఎవరో రాసిపెట్టారు కాబట్టి. నామినీల జాబితా ప్రకటించని అవార్డుల్లో ఆయన ముప్పై ఏళ్లకు పైగా ‘అవార్డు రాని మనిషి’గా మిగిలేవాడు. తన పని తుది అయిదింటి దాకా వెళ్లిందన్న సంగతి ఆయన ఇంట్లో వాళ్లకు కూడా తెలిసేది కాదు.

‘నాటు నాటు’ చేతిలో ఓడిన డయాన్ వారెన్‌ది అలాంటి కథే, ఇంకా ముగియని కథ. 2025 వేడుక నాటికి ఆమె పదహారు సార్లు నామినీ. పోటీలో ఒక్కసారీ గెలవలేదు. 2022 చివర్లో గౌరవ ఆస్కార్ ఇచ్చారు, ఆ తర్వాత కూడా ఆమె పోటీ పడటం మానలేదు. ఆ మొండితనం చూస్తే నాకు ముచ్చటేస్తుంది.

జాబితా బయటపెడితే అవార్డు ఇచ్చేవాళ్లకు ఇబ్బందులు వస్తాయి, నిజమే. రావాలి కూడా. 2015, 2016 సంవత్సరాల ఆస్కార్లలో నటనకు సంబంధించిన నాలుగు విభాగాల్లో ఇరవై మంది నామినీలూ తెల్లవాళ్లే. వరసగా రెండేళ్లు. ‘ఆస్కార్స్ సో వైట్’ అన్న నినాదం అక్కడే పుట్టి అకాడమీని ఊపేసింది. 2016 జనవరిలో అకాడమీ దిగివచ్చి, 2020 నాటికి మహిళా సభ్యులను, నల్లజాతి తదితర వర్గాల సభ్యులను రెట్టింపు చేస్తామని ప్రకటించింది, చేసింది. విజేతలను మాత్రమే ప్రకటించి ఉంటే ఈ నిరసనకు పునాదే ఉండేది కాదు. నలుగురు విజేతలూ తెల్లవాళ్లైతే ‘ఈ ఏడాది అలా కుదిరింది’ అని తప్పించుకోవచ్చు. ఇరవైకి ఇరవై అయితే తప్పించుకునే దారి లేదు. సంస్థ తన చేత్తో తానే రాసిచ్చిన సాక్ష్యం అది.

ఆస్కార్‌ను నేను ఆకాశానికెత్తడం లేదు. అక్కడ డబ్బు పనిచేస్తుంది. నామినేషన్ల కాలంలో లాస్ ఏంజెలెస్‌లో ప్రత్యేక ప్రదర్శనలు, విందులు, ప్రకటనల హోర్డింగులు, పత్రికల కవర్‌పేజీలు, అన్నీ ప్రచారమే. ‘ఆర్ఆర్ఆర్’ బృందం కూడా నెలల తరబడి అమెరికాలో తిరిగింది, తిరగకుండా ఆ పాట అక్కడి దాకా వెళ్లేది కాదు. ఇంకా వింత ఏమిటంటే, నామినేట్ అయిన సినిమాలన్నీ చూస్తేనే ఆ విభాగంలో తుది ఓటు వేయాలన్న నియమాన్ని అన్ని విభాగాలకూ వర్తింపజేసింది 2026 వేడుక నుంచే. అంతకుముందు చాలా విభాగాల్లో చూడకుండానే వేసేయవచ్చు! 1929లో మొదలైన అవార్డులకు ఈ బుద్ధి పుట్టడానికి తొంభై ఏళ్లు దాటింది.

2023లోనే ఆండ్రియా రైజ్‌బరో వివాదం జరిగింది. ఆమె నటించింది ‘టు లెస్లీ’ అనే చిన్న సినిమా, థియేటర్లలో దాదాపు ఎవరూ చూడనిది. పెద్ద పెద్ద నటీనటులు చివరి రోజుల్లో సామాజిక మాధ్యమాల్లో ఆమెను మెచ్చుకుంటూ పోస్టులు పెట్టారు, ఉత్తమ నటి జాబితాలో ఆమె పేరు తేలింది. అదే సమయంలో నల్లజాతి నటీమణులు వయోలా డేవిస్, డేనియెల్ డెడ్‌వైలర్ పేర్లు గల్లంతయ్యాయి. గగ్గోలు రేగింది. అకాడమీ విచారించి నామినేషన్ రద్దు చేయలేదు గానీ ప్రచార నిబంధనలు మళ్లీ చూసుకుంది. ఇది న్యాయమా, అన్యాయమా అన్నది వేరే చర్చ. నాకు కావాల్సింది ఒక్కటే: ఎవరు లోపలికి వచ్చారో, ఎవరు బయట నిలిచారో పేర్లతో సహా తెలిసింది. కాబట్టే జనం దెబ్బలాడుకున్నది సినిమాల గురించి, నటన గురించి.

ఇక మన ఇంటికి వద్దాం.

జాతీయ చలనచిత్ర పురస్కారాలు 1954 నుంచి ఇస్తున్నారు. ఎంపిక రెండు అంచెల్లో జరుగుతుంది. ప్రాంతీయ జ్యూరీలు ముందు సినిమాలు చూసి, తాము మెచ్చినవాటిని కేంద్ర జ్యూరీకి పంపుతాయి. కేంద్ర జ్యూరీ చూసి విజేతలను తేలుస్తుంది. అంటే వడపోసిన జాబితా ఒకటి ఎప్పుడూ ఉంటుంది. కొత్తగా తయారు చేయాల్సిన పని లేదు. అది ఒక ఫైలులో భద్రంగా ఉంటుంది, జ్యూరీ అధ్యక్షుడు విలేకరుల ముందు విజేతల పేర్లు చదివేశాక ఆ ఫైలు మూతపడుతుంది. పదో తరగతి ఫలితాల్లో మొదటి ర్యాంకు పేరు చెప్పి, మిగతా పిల్లలు అసలు పరీక్ష రాశారో లేదో చెప్పకుండా వెళ్లిపోయే హెడ్మాస్టర్‌ను ఊహించుకోండి.

అల్లు అర్జున్ గెలిచిన ఆ ఏడాదే ‘జై భీమ్’కు ఒక్క పురస్కారమూ రాలేదు. తమిళులే కాదు, మనవాళ్లూ బాధపడ్డారు. సినిమా రంగంలోని వాళ్లే బాహాటంగా నిట్టూర్చారు. ఆ సినిమా కేంద్ర జ్యూరీ దాకా వెళ్లిందా? వెళ్లి అంగుళం తేడాతో ఓడిందా? ప్రాంతీయ స్థాయిలోనే ఆగిపోయిందా? ఆగితే ఏ విభాగంలో? ఈ ప్రశ్నల్లో ఒక్కదానికీ జవాబు రాలేదు. జవాబు లేని చోట ఏం పుడుతుందో మనకు తెలిసిందే. రాజకీయం చేశారని ఒకరు, అరవవాళ్ల అక్కసని ఇంకొకరు. అల్లు అర్జున్‌కు కూడా ఇది అన్యాయమే. ఆయన పేరు పక్కన నలుగురు ఉద్దండుల పేర్లు ఉండి ఉంటే ఆ గెలుపును వేలెత్తి చూపే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు. ఇప్పుడు ఆయన్ను మెచ్చేవాళ్లు గుడ్డిగా మెచ్చాలి, తిట్టేవాళ్లు గుడ్డిగా తిట్టాలి.

ఇంకో నష్టం ఉంది, దాని గురించి నాకు ఎక్కువ దిగులు. 2023 సినిమాలకు ప్రకటించిన పురస్కారాల్లో ‘బలగం’లోని ‘ఊరు పల్లెటూరు’ పాటకు కాసర్ల శ్యామ్‌కు ఉత్తమ గేయ రచయిత పురస్కారం వచ్చింది. చాలా మంచి ఎంపిక, నా మాట అడిగితే. కానీ ఆయనతో పాటు చివరిదాకా నిలిచిన పాటలు ఏవి? బహుశా ఒక మలయాళం పాట, ఒక మరాఠీ పాట, ఒక అస్సామీ పాట ఉండి ఉంటాయి. ఆ పేర్లు చెబితే మనం ఆ రాత్రే వెతుక్కుని వినేవాళ్లం. వాళ్లు మన ‘బలగం’ పాట వినేవాళ్లు. ఇన్ని భాషల దేశంలో ఒక భాష సినిమాను ఇంకో భాష ఇంటి గుమ్మం దాకా తీసుకువెళ్లడానికి అయిదు పేర్ల జాబితాను మించిన చౌక సాధనం లేదు. ఆస్కార్ నామినేషన్లకూ వేడుకకూ మధ్య ఉండే వారాల్లో జరిగేది అదే. జనం జాబితా చేతపట్టుకుని సినిమాలు చూస్తారు.

రాష్ట్ర అవార్డులు కొంత నయం, వింతగా. 1964లో మొదలైన నంది అవార్డుల్లో ఉత్తమ చిత్రాలకు బంగారు, వెండి, కాంస్య నందులు ఉండేవి. అంటే మొదటి స్థానంతో పాటు రెండు, మూడు స్థానాలు ఎవరివో కూడా తెలిసేది. తెలంగాణ ప్రభుత్వం తెచ్చిన గద్దర్ అవార్డులు ఆ పద్ధతిని కొనసాగించాయి. 2024కు ‘కల్కి 2898 ఏడీ’, ‘పొట్టేల్’, ‘లక్కీ భాస్కర్’ మొదటి మూడు. ‘కల్కి’ లాంటి భారీ సినిమా పక్కన ‘పొట్టేల్’ పేరు చదివి, అదేమిటో చూద్దామని కూర్చున్నవాళ్లు నాకు తెలుసు. జాబితా చేసే పని అదే. కానీ ఈ ఉదారత సినిమాల దగ్గరే ఆగిపోతుంది. నటుడు, నటి, మాటల రచయిత, కూర్పరి దగ్గరికి వచ్చేసరికి మళ్లీ ఒక్క పేరే.

2017 నవంబరులో 2014, 2015, 2016 నందులను ఒక్కసారే ప్రకటించినప్పుడు రేగిన రగడ చాలామందికి గుర్తుండే ఉంటుంది. ‘లెజెండ్’, ‘బాహుబలి’, ‘పెళ్లిచూపులు’ ఆ మూడేళ్ల ఉత్తమ చిత్రాలు. టీవీ స్టూడియోల్లో రోజుల తరబడి చర్చలు నడిచాయి. వాటిలో సినిమా గురించి మాట్లాడింది ఎంత? జ్యూరీలో ఎవరు ఎవరికి చుట్టం, ఏ కులం, ఏ పార్టీ, ఏ ప్రాంతం, ఇదే గోల. జాబితా ఉండాల్సిన ఖాళీలో ఇవి వచ్చి కూర్చుంటాయి. ఫలానా నటుడి కంటే ఫలానా నటుడు ఎందుకు మేలు అని వాదించడానికి ఆ రెండో పేరు మనకు తెలియాలి కదా!

ఆస్కార్‌కు మన దేశం తరఫున ఒక సినిమాను పంపే వ్యవహారమూ ఇంతే. భారత ఫిల్మ్ ఫెడరేషన్ కమిటీ ఆ పని చేస్తుంది. తెలుగు నుంచి ఇప్పటిదాకా అలా వెళ్లింది ఒక్క ‘స్వాతిముత్యం’. 2024లో పరిశీలనకు వచ్చిన 29 సినిమాల పేర్లు బయటికి వచ్చాయి, అంతవరకు మెచ్చుకోవాలి. వాటిలోంచి ‘లాపతా లేడీస్’ను పంపారు. ఫ్రాన్స్‌లోని కాన్ చలనచిత్రోత్సవంలో రెండో అతిపెద్ద బహుమతి గ్రాండ్ ప్రీ గెలిచిన పాయల్ కపాడియా సినిమా ‘ఆల్ వి ఇమాజిన్ యాజ్ లైట్’ ఉండిపోయింది. అది భారతదేశంలో జరిగే యూరప్ సినిమాలా ఉందని జ్యూరీ అభిప్రాయపడిందని ఫెడరేషన్ అధ్యక్షుడు పత్రికతో చెప్పారు. ‘లాపతా లేడీస్’ పదిహేను సినిమాల షార్ట్‌లిస్ట్‌లో కూడా నిలవలేదు. బ్రిటన్ పంపిన హిందీ సినిమా ‘సంతోష్’ నిలిచింది! 29 అనేది దరఖాస్తుల జాబితా. చివరి అయిదు ఏవో చెప్పి ఉంటే, పాయల్ సినిమా ఒక్క మాట తేడాతో ఓడిందో, మొదటి రోజే పక్కన పెట్టేశారో తెలిసేది. ఈ రెండింటికీ చాలా తేడా ఉంది. మొదటిది అభిరుచి భేదం, రెండోది గుడ్డితనం.

ఫిల్మ్‌ఫేర్, సైమా లాంటి ప్రైవేటు వేడుకలు నామినీల పేర్లు ప్రకటిస్తాయి కదా అనవచ్చు. ప్రకటిస్తాయి. ప్రభుత్వాలకు చేతకానిది వాళ్లకు చేతనవుతోంది, సంతోషం. అయినా ఆ జాబితాల మీద జనం చర్చించుకోవడం నేను పెద్దగా చూడలేదు. అందరి చూపూ వేడుకకు ఎవరెవరు వస్తున్నారన్న దాని మీదే.

అసలు అడ్డంకి అక్కడే ఉందనుకుంటాను. జాబితా పెడితే ఓడిపోయే అవకాశంతో వచ్చి ముందు వరసలో కూర్చోవాలి. విజేత పేరు చదివే క్షణంలో ఆస్కార్ తెర అయిదు గళ్లుగా విడిపోతుంది, అయిదు ముఖాలు ఒకేసారి కనిపిస్తాయి. ఒక ముఖం వెలుగుతుంది. మిగతా నాలుగు ముఖాలు అర సెకను బిగుసుకుని, వెంటనే నవ్వు తెచ్చుకుని, చప్పట్లు కొడతాయి. ఆ అర సెకను కోసమే నేను ఆ కార్యక్రమం చూస్తాను, దాచడం ఎందుకు. మన వేదిక మీద ఓడిపోయి, నవ్వి, చప్పట్లు కొట్టిన పెద్ద హీరోను మీరు ఎప్పుడైనా చూశారా? రాడు. వచ్చాడంటే అవార్డు ఉన్నట్టే. అభిమానులు ఊరుకోరని నిర్వాహకులు అంటారు. అభిమానులు ఇప్పుడు మాత్రం ఊరుకుంటున్నారా? హీరో ఓడి చప్పట్లు కొట్టడం నాలుగేళ్లు వరసగా చూస్తే అభిమానులకూ అలవాటవుతుంది.

గద్దర్ అవార్డులు కొత్తవి, ఇంకా అలవాట్లు ముదరలేదు. విజేతల ప్రకటనకు ఓ మూడు వారాల ముందు ఒక్కో విభాగంలో అయిదేసి పేర్లు పెట్టడానికి చట్టం అక్కర్లేదు, బడ్జెట్ అక్కర్లేదు, ఒక పత్రికా ప్రకటన చాలు. అలా పెడితే నేను మొదట చూసేది ఉత్తమ నటుడి వరస కాదు, ఆ అయిదు పేర్లు ఎవరైనా ఊహించగలరు. సహాయ నటి వరస చూస్తాను. తల్లి, అత్త, పక్కింటి పిన్ని పాత్రలు వేసిన వాళ్లలోంచి అయిదుగురిని ఏరాలంటే జ్యూరీ సినిమాలన్నీ చివరిదాకా కూర్చుని చూసి ఉండాలి. చూశారో లేదో ఆ ఒక్క వరసలో బయటపడిపోతుంది.